ట్యూబు లేని చక్రం

మా ఆయన పోయి ఏడాది దాటింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన గురించి ఏదో ఒకటి చెప్పమంటారు. నేను నోరు తెరిచేలోపు మంచివాడని వాళ్ళే అంటారు, నేను తల ఊపుతాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం నాకు గుర్తొచ్చేది ఒక చక్రం. గడ్డి కోసే చిన్న ట్రాక్టరు వెనక చక్రం. దానికి ఆయన మా పెరట్లో కొత్త టైరు ఎక్కించిన ఆదివారం.

ఎనభైల మొదట్లో మాట. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతూనే ఉన్నారు. మేం వన్ టౌన్‌లో టోకు దుకాణాల వెనక సందులో అద్దెకుండేవాళ్ళం. వాటాలన్నిటికీ కలిపి ఒకే పెరడు, ఒకే నుయ్యి. ఆయనది విజయనగరం అవతల పల్లె, వ్యవసాయం ఇల్లు. నేను గోదావరి జిల్లా నుంచి రేవు ఉద్యోగానికి వచ్చిన గుమస్తా కూతుర్ని. పెళ్ళయిన కొత్తలో ఆయన మాట వేగం నాకు అందేది కాదు. నా మాట బళ్ళో పంతుళ్ళ భాషలా ఉందని ఆయన, "పంతులుగారమ్మాయి పాఠం సెప్తంది, ఇనండి" అని గోడకి చెప్పేవారు.

ఆయన రేవులో సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో ఫిట్టరు. ఓడల మీద బరువులెత్తే వించిలు బాగుచేసేవారు. ఒకరోజు వించి మీది ఇనపతాడు ఆయన కుడిచేతిని డ్రమ్ముకేసి నొక్కేసింది. మూడు వేళ్ళు సగానికి పోయాయి. చూపుడువేలు మిగిలింది కానీ వంగదు. బొటనవేలు ఒక్కటే బాగుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ చేతికి జేబురుమాలు చుట్టుకోవడం మొదలుపెట్టారు. పుండు మానింది, కట్టు పోయింది, రుమాలు పోలేదు. ఎడమచేత్తో అన్నం తినడం ఎవరైనా చూస్తారని గదిలో గోడవైపు తిరిగి కూర్చుని తినేవారు. ఆ చేతిని నేనూ పగటివెలుగులో సరిగా చూసింది లేదు. చూపించమని అడగలేదు.

కంపెనీవాళ్ళు ఆయన్ని వెంటనే తీసెయ్యలేదు. వాళ్ళకి కొండమీద ఒక గెస్ట్‌హౌస్ ఉండేది. ఓడల కెప్టెన్లు వచ్చి దిగేవారు. ముందు పెద్ద పచ్చిక. దాన్ని కోయడానికి ఏ ఓడలోనో ఏ దేశం నుంచో వచ్చిన చిన్న ట్రాక్టరు ఒకటుండేది. స్కూటరు కన్నా కాస్త ఎత్తు. ముందు చక్రాలు బొమ్మబండివిలా ఉండేవి, వెనకవి పొట్టిగా, లావుగా. పొట్ట కింద కత్తి గిరగిర తిరిగేది. తోటపనివాళ్ళు దాన్ని గున్న అనేవారు, పిల్ల ఏనుగులా ఉందని. దాన్ని నడపడం, దాని మంచిచెడ్డలు చూడటం ఆయనకి అప్పగించారు. చెయ్యి పనికొస్తుందో లేదో కొన్నాళ్ళు చూస్తామన్నారు. పనికిరాకపోతే ఏమిటన్నది చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

ఆ వెనక చక్రాల్లో ఒకదానికి రోజూ గాలి పోయేది. పొద్దున కాలి పంపుతో కొడితే మధ్యాహ్నానికి కూలబడేది. ఒకపక్క ఒరిగిన ట్రాక్టరు పచ్చికని కూడా ఒంకరగా కోసేది. పాత టైరు బీటలు తీసింది కనక అదే కారణం అనుకున్నారందరూ. చివరికి కలకత్తా నుంచి ఒక జత కొత్త టైర్లు తెప్పించారు. గెస్ట్‌హౌస్ సూపర్వైజరు శనివారం మధ్యాహ్నం వాటిని చూపించి మా ఆయనతో అన్నమాట ఇది: "సోమవారం పొద్దున్న బండి తిన్నగా నడవాలి. నీవల్ల కాకపోతే చెప్పు, రెండు చేతులున్నవాణ్ణి చూసుకుంటాం."

ఆ మాట ఆయన ఇంటికొచ్చి చెప్పలేదు. చక్రాన్ని, కొత్త టైర్లని రిక్షాలో వేసుకొచ్చి నూతి పక్కన దించారు. ఆ మాట నాకు ఆయన స్నేహితుడు చెప్పాడు.

స్నేహితుడంటే మా సందు చివర పంక్చర్ల దుకాణం పెట్టుకున్నాయన. ఇద్దరిదీ ఒకే పల్లె, ఒకరినొకరు బావా అనుకునేవారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. లారీ టైరుని ఒంటిచేత్తో దొర్లించుకుపోయే మనిషి. ఆదివారం పొద్దున్నే లీవర్లు, లారీలకి గాలి కొట్టే పెద్ద చేతిపంపు మోసుకుని వచ్చాడు. ఆ చక్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"నిరుడు ఇలటి బుల్లి సక్రానికే ఆటో ట్యూబు పెట్టినాను, గుర్తుందా సెల్లెమ్మా? పొట్టపగిలి సచ్చింది. దీనికి ట్యూబు మన దేశంలోనే లేదు."

"దీనికి ట్యూబే లేదు బావా" అన్నారు మా ఆయన. "అలగే సేసినారు దీన్ని. కొత్తదీ అంతే."

"ట్యూబు లేని టైరేటి? పేగుల్లేని మనిసి ఉంటాడేటి?"

"ఉన్నాడు కదా ఎదురుగ."

అన్నయ్యగారు పకపకా నవ్వాడు. మా ఆయన ఇంట్లో ఛలోక్తి విసిరి చాలాకాలమైంది. నేను కాఫీగ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆ రోజుల్లో సైకిలుకైనా కారుకైనా లారీకైనా మేం ఎరిగిన చక్రాలన్నిటిలోనూ ట్యూబు ఉండేది. ట్యూబు లేకుండా గాలి ఎలా నిలుస్తుందని నేనూ అడిగాను. మా ఆయన కొత్త టైరు పైకెత్తి లోపలి అంచు చూపించారు. అంచులోపల ఉక్కుతీగ ఉంటుందట. ఆ అంచు చక్రం ఇనపగట్టుకి అంటుకుని కూర్చుంటే చాలు.

"అంటించేది ఏమిటి మరి? జిగురా?"

"జిగురేటి లేదు. గాలే. లోపలున్న గాలే అంచుని ఇనపగట్టుకేసి తోస్తాది. అది తోసినంతసేపు గాలి బయటికి పోదు."

బళ్ళో మాకు నీళ్ళగ్లాసు మీద అట్టముక్క పెట్టి బోర్లించి చూపించారు. నీళ్ళు పడలేదు. కారణం పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ గాలి తనని తానే మూసి ఉంచుకుంటుందన్న సంగతి ఆ పొద్దున మొదటిసారి విన్నట్టనిపించింది. నమ్మబుద్ధి కాలేదు కూడా. టైరు లోపల చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు, ఉత్త రబ్బరు.

ముందు పాత టైరు ఊడదియ్యాలి. వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలేశారు. అయినా అంచు ఇనుముకి పట్టేసి కదల్లేదు. అన్నయ్యగారు మడమతో కుమ్మాడు, సుత్తితో కొట్టాడు. మా ఆయన వద్దని, నూతిగట్టు రాయి కిందున్న సందులో ఒక పొడుగు చెక్క కొస దూర్చారు. దానికింద చక్రం పడుకోబెట్టి, ఇనపగట్టు పక్కనే రబ్బరు మీద చిన్న కొయ్యముక్క నిలబెట్టారు. చెక్క ఆ కొయ్యముక్క మీద ఆనింది. రెండో కొస గాల్లో ఉంది.

"దీనిమీద కూకో" అన్నారు నాతో.

"నేనా?"

"నా సెయ్యెలాగూ లేదు. నీ బరువైనా ఉన్నాది కదా."

పక్కవాటా ఆవిడ వసారాలోంచి పకాలున నవ్వింది. నేను చీర దోపుకుని చెక్క కొసన కూర్చున్నాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత నా కింద ఏదో పట్టు సడలినట్టు అయింది, అంచు ఇనుమునుంచి ఊడి కిందికి దిగింది. అన్నయ్యగారు చప్పట్లు కొట్టాడు. "సెల్లెమ్మని మా దుకానంలో ఎట్టుకుంటాను బావా. జాకీ అక్కర్లేదు."

చక్రం తిరగేసి రెండోపక్క కూడా అలాగే కూర్చున్నాను.

తర్వాత రబ్బరు జారడానికి ఏదైనా కావాలి. అన్నయ్యగారు కొబ్బరినూనె అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు, నూనె తగిలితే రబ్బరు పాడవుతుందని. సబ్బు అయిపోయింది. పొయ్యి మీద మా తలంట్ల కోసం కుంకుడుకాయలు ఉడుకుతున్నాయి. ఆ గిన్నె దించి, చిలికి, నురుగు తెచ్చి ఇచ్చాను. ఆయన వాసన చూసి ఎడమచేత్తో అంచంతా పూశారు. ఒక లీవరు ఆయన ఎడమచేతిలో, ఒకటి మోకాలి కింద, ఒకటి నా చేతిలో. నేను పట్టుకోవాల్సింది ఎక్కడో కళ్ళతో చూపించేవారు. కుడిచెయ్యి రుమాలుతో ఒడిలోనే ఉంది. అన్నయ్యగారు సాయానికి వంగితే, "నువ్వు పంపు సూసుకో బావా" అని ఆపేశారు. పాత టైరు ఊడి వచ్చేసరికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి.

బోడి చక్రం ఎండలో పెట్టి చూస్తే, అంచు కూర్చోవాల్సిన ఇనపగట్టు నున్నగా లేదు. పెళ్ళలు కట్టి ఉంది. ఆయన హాక్సా బ్లేడు ముక్కతో గీకారు. పైన ఏదో పొడి రాలి, వెండిరంగు పెళ్ళ లేచింది. దానికింద పసుపు. ఇంటి పసుపే. దానికింద మళ్ళీ వెండిరంగు, మళ్ళీ పసుపు, కుంకం ఎరుపు, గంధం, మళ్ళీ వెండిరంగు.

మాకు ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది. ఏటా దసరాకి ఆయుధపూజ చేస్తారు. ముందురోజు గున్నని ఎత్తి నిలబెట్టి, చక్రాల గాలి తీసేసి, కడిగి, వెండిరంగు వేస్తారు. గాలి లేని టైరు అంచుని లీవరుతో తోస్తే చక్రం నుంచి కాస్త ఎడమవుతుంది. తళతళలాడాలని ఆ సందులోకి కూడా కుంచె పోనిస్తారు. పండగనాడు పసుపు, గంధం, కుంకం నీళ్ళలో కలిపి చక్రం మీద ధారాళంగా పూస్తారు, అదీ అందులోకే దిగుతుంది. మళ్ళీ గాలి కొట్టేసి, నిమ్మకాయలు తొక్కిస్తారు. గాలి ఆ పెళ్ళల మధ్యనుంచి దారి చూసుకుంది. పోయింది టైరు బీటల్లోంచి కాదు. కొత్త టైరు తిన్నగా ఎక్కించేసి ఉంటే అదీ మధ్యాహ్నానికి కూలబడేది. సోమవారం మధ్యాహ్నానికి.

"నీ పూజలు తగలెయ్య" అన్నాడు అన్నయ్యగారు, ఎవర్నని కాకుండా. వెంటనే చెంపలేసుకున్నాడు.

మా ఆయన తిట్టలేదు, నవ్వలేదు. పెళ్ళ ఒకటి అరచేతిలో పెట్టుకుని దాని పక్కఅంచు చూశారు. నాకూ చూపించారు. పలచగా, ఒకదానిమీద ఒకటి, రంగురంగుల పొరలు. "పై పూత నాదే" అన్నారు. ప్రమాదం తర్వాత ఎడమచేత్తో ఆయన మొదట చేసిన పని ఆ రంగు వెయ్యడమే. దానికింద ఎవరెవరివో పూతలు. ఎవరి పేరూ మాకు తెలీదు. ఆ యంత్రం చల్లగా ఉండాలనే అందరూ వేశారు. నేను ఆ పెళ్ళని నేలమీద పడెయ్యలేక నూతిగట్టు మీద ఉంచాను.

గట్టంతా గీకి, ఇసకతో తోమి, ఇనుము తేలేదాకా తుడవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కొత్త టైరు ఎక్కించడం నేననుకున్నంత కష్టం కాలేదు. నురుగు పూసి, అన్నయ్యగారు మీద నిలబడితే ఒకపక్క అదే దిగింది. రెండోపక్క లీవర్లతో.

కష్టం గాలి దగ్గర వచ్చింది. అన్నయ్యగారు పంపు కొడుతుంటే గాలి ఒకపక్కనుంచి వెళ్ళి ఇంకోపక్కనుంచి బుస్సుమని వచ్చేస్తోంది. కొత్త టైరు అంచులు లోపలికి ముడుచుకుని ఇనపగట్టుకి అందటం లేదు. గాలి నిలిస్తే అంచు అంటుకుంటుంది, అంచు అంటుకుంటేగాని గాలి నిలవదు. ముందు ఏది?

మా ఆయన లేచి ఇంట్లోంచి నూతి చేద మోకు తెచ్చారు. టైరు నేలకి ఆనే పట్టీ చుట్టూ కట్టి, ముడిలో పచ్చడిబండ కర్ర దూర్చి మెలి తిప్పారు. ఓడ డెక్కు మీద దుంగలు కదలకుండా ఖలాసీలు అలాగే బిగిస్తారట. మెలి పడేకొద్దీ మోకు టైరు నడుము నొక్కింది, పక్కలు ఉబ్బి అంచులు బయటికి, ఇనుముకేసి జరిగాయి. కర్ర తిప్పడానికి మణికట్టు బలం చాలక, దాన్ని కుడిమోచేతి మడతలో ఇరికించి ఒళ్ళంతా వాల్చి తిప్పారు.

"కొట్టు బావా!"

అన్నయ్యగారు కొట్టాడు. ఈసారి బుస తగ్గింది. అంచు చుట్టూ కుంకుడు నురుగు బుడగలు లేస్తున్నాయి. అవి తగ్గుతూ తగ్గుతూ ఒక్కచోట మిగిలిపోయాయి. అక్కడినుంచి గాలి ఆగకుండా పోతూనే ఉంది. అన్నయ్యగారి ఊపిరి అయిపోయింది. పంపు వదిలేసి నూతిగట్టు మీద చతికిలబడ్డాడు.

"దీనమ్మ... బావా, ఒదిలెయ్. రేపు నాను ఒస్తాను, ఆ సూపర్వైజరుకి నాను సెప్తాను. ఎవడివల్లా కాదని సెప్తాను."

"ఏటని సెప్తావ్? రెండు సేతులున్నోడివల్ల కూడా అవ్వలేదనా?"

మా ఆయన కర్ర నా చేతికిచ్చారు. "మెలి ఇడిపోకుండ పట్టుకో. నాను ఒదలమన్నప్పుడు ఒదిలెయ్. ఆలస్యం సేస్తే మోకు తెగి మొకానికి కొడతాది." తర్వాత పళ్ళతో పట్టి రుమాలు విప్పారు.

నేను కర్ర పట్టుకుని ఉన్నాను, కళ్ళు తిప్పుకోవడానికి లేదు. ఎండ నేరుగా పడుతోంది. ఆ చెయ్యి నేను భయపడ్డట్టుగా లేదు. మొద్దుబారి, పొట్టిగా, కొత్తచర్మం నున్నగా మెరుస్తూ ఉంది. అరచెయ్యి ఎప్పటిలాగే వెడల్పు. ఆయన మోకాళ్ళమీద కూర్చుని, బుడగలు లేచే చోట ఆ అరచెయ్యి ఆనించి, దానిమీద తన బరువంతా వేశారు. ఆ మూడు వేళ్ళూ పూర్తిగా ఉంటే అవి అంచు సందులో చిక్కేవేమో. లేవు కనక చెయ్యి నిండుగా రబ్బరు మీద పరుచుకుంది.

"కొట్టు."

అన్నయ్యగారు లేచి కొట్టాడు. ఆయన చేతి కింద బుడగలు చితికాయి. లేవలేదు. పంపు బరువెక్కింది. నా చేతుల్లో కర్ర వణికింది, మోకు కిర్రుమంది. టైరు ఊపిరి పీల్చుకుంటున్నట్టు లేస్తోంది. ఇలాంటి పోలికలు నేను రాయను, కానీ అది అచ్చంగా అలాగే ఉంది.

"ఒదులు!"

వదిలేశాను. కర్ర గిర్రున తిరిగి ఎగిరిపడింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్న మరుక్షణం టైరు లోపలినుంచి తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు వచ్చింది. వసారాలో ఆవిడ కెవ్వుమంది. ఆ వెంటనే రెండోది. రెండు అంచులూ గట్టెక్కి కూర్చున్నాయి.

అన్నయ్యగారు మిగిలిన కుంకుడు నీళ్ళు అంచు చుట్టూ పోశాడు. ముగ్గురం వంగి చూశాం. నీళ్ళు జారిపోయాయి. ఒక్క బుడగ లేవలేదు. తిరగేసి అటూ పోశాడు. లేదు. ఆ ఇనుముకీ ఆ రబ్బరుకీ మధ్య జిగురు లేదు, మేకు లేదు, కుట్టు లేదు. కాసేపటి క్రితం మా పెరట్లో తిరిగిన గాలి, సముద్రం మీదినుంచి వచ్చి మా బట్టలారేసుకునే గాలే, ఇప్పుడు లోపల ఉండి తలుపు తనే మూసుకుంది. నేను చేత్తో తట్టాను. రాయిలా ఉంది. గుళ్ళో కూడా నాకు అంత భయం, అంత భక్తి కలిగినట్టు గుర్తు లేదు. ఆ సంగతి బయటికి చెప్పలేదు.

"మనిసికి పేగుల్లేకపోయినా పర్లేదన్నమాట" అన్నాడు అన్నయ్యగారు చివరికి.

"నీకు మాత్తరం పేగులే ఉన్నాయి. కూకో, అన్నం తిని ఎల్దువు గాని."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పెరట్లోనే, వసారా ఎదురుగా కూర్చుని తిన్నారు. కుంకుడుకాయలు అయిపోయాయి కనక ఎవరికీ తలంట్లు లేవు.

సోమవారం తెల్లవారగానే ఆయన పెరట్లోకి వెళ్ళి గోడకానించిన చక్రాన్ని కుడిచేతి బొటనవేలితో నొక్కి చూడటం కిటికీలోంచి చూశాను. మరోసారి నొక్కారు. రిక్షా పిలిచి చక్రం, రెండో టైరు ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ఆయన సందు మలుపు తిరిగాక చూస్తే, రుమాలు మేకుకే వేలాడుతోంది. ముందురోజు సాయంత్రం నేనే ఉతికి, మడిచి, ఎప్పట్లాగే అక్కడ తగిలించాను. మర్చిపోయారేమోనని తీసుకుని వాకిట్లోకి పరిగెత్తాను. రిక్షా ఇంకా కనిపిస్తోంది, పిలిస్తే వినిపించే దూరమే. ఆయన కుడిచెయ్యి చక్రం మీద ఉంది, దొర్లిపోకుండా. నేను పిలవలేదు.

సాయంత్రం వచ్చాక, సూపర్వైజరు ఏమన్నారని అడిగాను.

"బూటుతో టైరు మీద తన్ని సూసినాడు."

"ఏమన్నాడు?"

"రెండోది కూడ మార్చెయ్యమన్నాడు." కాళ్ళు కడుక్కుంటూ, తల ఎత్తకుండా అన్నారు. "కుంకుడుకాయలున్నాయేటే?"